ఆయ్ అన్నాకే కత్తి

అంతర్వేది,
జ్యేష్ఠ బహుళం, గురువారం.

ఇస్సాకు బావకి,

కార్డు చూసి కంగారు పడకు. ఎవరూ పోలేదు. నేను బాగానే ఉన్నాను. నువ్వూ బాగున్నావనుకుంటాను.

ఫోను చేద్దామంటే నీకు చెవులు బొత్తిగా పోయేయని మీ అమ్మాయి చెప్పింది. పోన్లే. నాకూ ఫోనులో మాట రాదు. అవతలి మనిషి కనపడకపోతే ఏం అనాలో తెలీదు.

ఒక్క సంగతి అడగాలని రాస్తున్నాను. సర్కస్‌లో నువ్వు కత్తి తిప్పకుండా వేసేవాడివి కదా, తిన్నగా. అది ఎలా పట్టుకునేవాడివి? వేలు ఎక్కడ పెట్టేవాడివి? ఒకే పందిరి కింద అన్నేళ్ళున్నాం గానీ నేను ఎప్పుడూ అడగలేదు. నా తిప్పుడు నాకుంది, నీది నాకెందుకులే అనుకునేవాణ్ణి. ఇప్పుడు కావాలి.

ఎందుకని అడక్కు. రాయి.

మా ప్రసాదు రొయ్యల చెరువులు బాగానే ఉన్నాయి. రేటు లేదంటాడు. ఎప్పుడూ అదే అంటాడు. మీ చెల్లి ఉంది.

నీ
బంగారరాజు


రామచంద్రపురం,
జూన్ 26.

బంగారయ్యా,

ప్రభువు నన్నింకా ఎందుకుంచేడా అని రోజూ అనుకుంటున్నాను. ఇందుకన్నమాట. బంగారరాజు నోట "నీ పద్ధతి చెప్పు బావా" అనే మాట వినడానికి. వినడం ఎక్కడిదిలే, చదవడానికి. చెవులు రెండూ పోయేక చర్చిలో ప్రసంగం చాలా బాగుంటోంది. ఎక్కడ ఆమెన్ అనాలో మాత్రం పక్కవాడి పెదాలు చూసి అంటున్నాను.

నా కత్తిని ఏమని వెక్కిరించేవాడివో గుర్తుందా? పోస్టుమేన్ గుమ్మంలో కవరు పడేసినట్టుందనేవాడివి. నీది మినప్పిండి రుబ్బుడని నేననేవాణ్ణి. మధ్యలో తోడబుట్టకపోయినా నన్ను అన్నయ్యని చేసుకున్న మా చెల్లి సత్యదుర్గ, "మీరిద్దరూ కొట్టుకుని చావండి, బల్లకి ఆనుకుని నిలబడేది నేను" అనేది. అది అన్న మాట మనిద్దరం ఒక్కరోజూ చెవిని పెట్టలేదు.

సరే, విను. నువ్వు వల విసిరే ఇంట్లో పుట్టేవు. వల తిరిగితేనే విచ్చుకుంటుంది. ఆ తిప్పుడు నీ మణికట్టులో పుట్టుకతో ఉంది. మొన పట్టుకుని వేస్తే కత్తి సగం తిరిగి దిగేది. పిడి పట్టుకుని వేస్తే నిండా ఒక చుట్టు తిరిగి దిగేది. లైటు పడితే చక్రంలా మెరిసేది. జనం "అబ్బా" అన్నది నీకేగానీ నాకు కాదు. అయితే నీకు నేల మీద గీత ఉండాలి. గీతకి జానెడు ముందుకొచ్చినా వెనక్కెళ్ళినా మొన బదులు పిడి వెళ్ళి తగిలేది.

మా నాన్న తాపీమేస్త్రీ దగ్గర కూలి. నేను కింద నిలబడి ఇటుకలు పైకి విసిరేవాణ్ణి. ఇటుక గాలిలో తిరిగిందా, పైన పట్టుకునేవాడి వేళ్ళు చితికిపోతాయి. తిరక్కుండా వెళ్ళాలి, అతని అరచేతిలో పెట్టినట్టు. కత్తీ అంతే. పిడిని గుప్పిట్లో బిగించకు. చూపుడువేలు కత్తి వీపు మీద తిన్నగా చాపు. మణికట్టు చచ్చినట్టుండాలి. పనంతా భుజానిదే. వదిలేటప్పుడు ఆ వేలు ఆఖర్న జారాలి, బడికెళ్ళనని మారాం చేసే పిల్లాణ్ణి వీపు మీద చెయ్యేసి గుమ్మంలోకి తోసినట్టు. గీతతో పనిలేదు. కాస్త ముందైనా వెనకైనా దిగుతుంది. దూరం మాత్రం పోదు, మధ్యలో నీరసించి పడిపోతుంది.

అదీ. ఇప్పుడు నేను అడుగుతాను. ఈ వయసులో ఏ సర్కస్సు వాడు పిలిచేడు నిన్ను? నీ కుడిచెయ్యి వణుకుతోందని పోయినేడు ప్రసాదు కనపడినప్పుడు అన్నాడు. వణికే చేత్తో ఎవరి మీదకి వేస్తావు?

"మీ చెల్లి ఉంది" అని రాసేవు. ఉందంటే ఏమిటి? ఎలా ఉంది? కార్డు మీద ఇంకా నాలుగు వేళ్ళ జాగా ఖాళీగా వదిలేవు. అది నింపి పంపించు.

ఇస్సాకు


అంతర్వేది,
ఆషాఢం, ఆదివారం.

బావా,

అడక్కుండా ఉంటావనుకున్నాను, నీ సంగతి తెలిసి కూడా.

మీ చెల్లికి మతి నిలవడం లేదు. ఏడాది పైబడింది. మొదట్లో కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది. తరవాత ప్రసాదుని చూసి "ఎవరబ్బాయండీ, పొడుగ్గా ఉన్నాడు" అంది. వాడు నవ్వేడు గానీ చెరువు గట్టు మీదకెళ్ళి కూర్చున్నాడు. నన్ను ఏమీ అనదు. నేను తనకి ఎవరూ కాదు.

సాయంత్రం చెరువుల్లో ఏరియేటర్లు వేస్తారు. నీళ్ళలో చక్రాలు తిరిగి రొయ్యకి గాలి కొట్టే మిషన్లు. ఆ మోత అచ్చం మన సర్కస్ జనరేటరు మోత. అది మొదలవగానే తను లేస్తుంది. కుచ్చిళ్ళు సర్దుకుంటుంది. చావిట్లో పెరటి తలుపు మూసి, దానికి వీపు ఆన్చి, చేతులు చాపి నిలబడుతుంది. కళ్ళు మూసుకుంటుంది. మొదటాట వేళ అన్నమాట.

ఇక నిలబడే ఉంటుంది. కాళ్ళు వాచిపోయేయి. కూర్చోమంటే "ఆట మధ్యలో పిలవకండి" అని అరుస్తుంది. ప్రసాదు ఎత్తి మంచం మీద పడుకోబెడితే వాణ్ణి రక్కేసింది. కత్తులు పడితే గానీ దిగదు. మన ఆటలో అదే కదా, ఆఖరి కత్తి పడేదాకా కదలకూడదు.

అమలాపురం డాక్టరుగారు మాత్రలిచ్చేరు. అవి వేస్తే నిలబడటం మానేసింది. తినడమూ మానేసింది. కోడలు తులసి ముద్ద నోట్లో పెడితే అలాగే ఉండిపోయేది. మాత్రలు ఆపించేసేను. మళ్ళీ నిలబడుతోంది.

నా తిప్పుడంతా మణికట్టులోనే ఉంది. అది పోయింది. నీ పద్ధతికి మణికట్టు అక్కర్లేదు. అందుకని అడిగేను. తనకి దూరంగా, తలుపు అంచు మీద ఒక్కటి వేస్తే చాలు. చప్పుడు వింటే ఆట జరిగిందనుకుంటుంది. అయిపోయిందమ్మా అని దింపొచ్చు.

కొబ్బరి మొద్దు మీద వేసి చూస్తున్నాను. వేలు నువ్వు చెప్పినట్టే పెట్టేను. కొన్ని దిగుతున్నాయి.

బంగారరాజు


రామచంద్రపురం,
జూలై 14.

బంగారయ్యా,

నీ కార్డు పోస్టుమేన్ సైకిలు దిగకముందే లాక్కుని గుమ్మంలోనే చదివేను. మా అమ్మాయి భయపడింది, ఏమైంది నాన్నా అని. ఏం చెప్పను? మా చెల్లి ఆటకి నిలబడిందని చెప్పేను.

వద్దు. వెయ్యకు. "కొన్ని దిగుతున్నాయి" అనే చెయ్యి, మనిషి నిలబడ్డ తలుపు మీదకి లేవకూడదు. నేను కొత్తగా వచ్చినప్పుడు ఈ మాట నాకు నువ్వే చెప్పేవు. నీదీ వద్దు, నాదీ వద్దు.

మూడో పద్ధతి ఒకటుంది. ఏలూరులో మన డేరాకి ఎదురుగా ఓ బుల్లి కంపెనీ దిగింది, గుర్తుందా? వాళ్ళ కత్తులాయన అసలు కత్తే వెయ్యడు. చెయ్యి ఝాడించి కత్తిని భుజం వెనక్కి జారవిడిచేవాడు. బల్లలో ముందే మడిచి పెట్టిన కత్తిని వెనకనున్నవాడు నొక్కితే, టక్కుమని బయటికి లేచేది. మనిద్దరం టిక్కెట్టు కొనుక్కుని చూసి, దొంగ వెధవ, దొంగ వెధవ అని తిట్టుకుంటూ వచ్చేం. ఆ కోపంలో నువ్వు అన్నం కూడా మానేసేవు.

ఆ దొంగ పని చెయ్యి ఇప్పుడు. ప్రసాదుకి సుత్తి ఇచ్చి తలుపు అవతల పెరట్లో నిలబెట్టు. నువ్వు ఎదర నిలబడి ఉత్త చెయ్యి విసురు. చప్పుడు వాడు చేస్తాడు.

ఒక్కటి మర్చిపోకు. ముందు పిలు. వేరే సర్కస్సుల్లో డ్రమ్ము కొట్టేవారు, ఈలేసేవారు. మన ఆటలో నువ్వు "దుర్గా" అనేవాడివి, తను "ఆయ్" అనేది. ఆ ఆయ్ వినకుండా నీ చెయ్యి కత్తి వదిలేది కాదు. నాగపూర్‌లో జనానికి మన వేపు ఆయ్ అంటే సరేనండి అని ఏం తెలుసు? ఈ ఆడమనిషి కత్తి తగలకముందే నొప్పని అరుస్తోందేమిటి అని నవ్వేవారు.

పిలిస్తే అంటుందో అనదో. అనకపోతే మాత్రం ఉత్త చెయ్యి కూడా విసరకు.

ఇస్సాకు


అంతర్వేది,
శ్రావణం, శనివారం.

బావా,

గోదారి ఎర్రగా వచ్చింది. వేట లేదు. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి.

నువ్వు చెప్పిన దొంగ పని చేసేం. ప్రసాదు వానలో సుత్తి పట్టుకుని తలుపవతల నిలబడ్డాడు. "ఇదేం ఖర్మ నాన్నా" అన్నాడు. అంటూనే నిలబడ్డాడు. నేను చావిట్లో సుద్దముక్కతో గీత గీసుకున్నాను. అక్కర్లేదని తెలుసు. గీత లేకపోతే కాళ్ళు ఎక్కడ పెట్టాలో తోచలేదు.

"దుర్గా" అన్నాను.

"ఆయ్" అంది.

మునపటి గొంతే బావా. డేరా చివర కూర్చున్నవాడిక్కూడా వినపడే గొంతు. అది తన దగ్గర ఇంకా ఉందని నాకు తెలీదు.

చెయ్యి విసిరేను. ప్రసాదు కొట్టేడు. తలుపు అదిరింది. తను కదల్లేదు. మొహం తేటపడింది. మళ్ళీ పిలిచేను. మళ్ళీ ఆయ్ అంది.

విసిరేవాడు మనిషిని చూడకూడదు, మనిషి పక్కన చోటు చూడాలి. మనిషిని చూస్తే కత్తి మనిషి దగ్గరికే పోతుంది. ఇద్దరికీ అదే నేర్పేరు కదా. ఇన్నేళ్ళూ నేను తన మెడ పక్కన చోటు, చెవి పక్కన చోటు, చంక కింద చోటు చూసేను. ఆట మధ్యలో తన మొహం ఎలా ఉంటుందో నాకు తెలీదు. ఇప్పుడు చేతిలో కత్తి లేదని చూసేను. నిద్దరోయే పిల్లలా ఉంది.

అన్నీ అయ్యాక చేతులు దించి, కళ్ళు తెరిచి నావేపు చూసింది. "ఇస్సాకన్నయ్యా, మీరా" అంది.

నా కత్తి గిర్రుమంటా వస్తుంది. నీది చప్పుడు చెయ్యదు, దెబ్బే వినపడుతుంది. ఉత్త చేతికి చప్పుడేముంది. అందుకని నువ్వనుకుంది.

నేనని చెప్పబోయేను. ఈలోగా తనే అంది. "మీరు వేస్తే హాయిగా ఉంటాదన్నయ్యా. ఎప్పుడొస్తాదో తెలీదు, వచ్చేసి ఉంటాది. ఆయన కత్తి తిరుగుతా వస్తంటే మొన తగుల్తాదో, పిడి తగుల్తాదో అని ఇక్కడంతా దడ." గుండె మీద చెయ్యి పెట్టి చూపించింది. "అందుకే కళ్ళు మూసేసుకుంటాను. ఆయనతో అనకండేం. చిన్నబోతారు."

"అనను చెల్లెమ్మా" అన్నాను.

నా మీద నమ్మకంతో కళ్ళు మూసుకుంటుందని నేను ఊరూరా చెప్పేను. ఓనరు రామ్మూర్తిగారు మైకులో కూడా అదే చెప్పేవారు. నీకు చెప్పినప్పుడు నువ్వేమీ అనలేదు.

ఆ పూట పెరుగన్నం తింది. కాళ్ళ వాపు తగ్గుతోంది. రోజూ అలాగే చేస్తున్నాం. నేను నువ్వైతే తనకి హాయి. నేను నేనైతే భయం. నేనని చెప్పడం లేదు. "పోన్లే నాన్నా, తింటంది కదా" అంటాడు ప్రసాదు. నిజమే. కానీ పొద్దల్లా నేనెవరో తెలీదు తనకి. తెలివిగా ఉండేది ఆ కాసేపే. ఆ కాసేపూ నువ్వు. ఒక్కసారి నన్ను చూసి మీరా అంటే బాగుండునని ఉంది. అందుకోసం తనని భయపెట్టనా?

తనకి భయమని నీకు తెలుసా బావా? ఎప్పుడన్నా అందా? ఉన్నది రాయి.

బంగారరాజు


రామచంద్రపురం,
సెప్టెంబరు 19.

బంగారయ్యా,

ఆలస్యమైంది. రాసి చింపేను, మళ్ళీ రాసి చింపేను.

తెలుసు.

తుని కేంపులో నీకు విషజ్వరం వచ్చి డేరా వెనక పడుకున్నావు చూడు, ఆ వారమంతా దుర్గకి నేను వేసేను. అప్పుడు చెప్పింది, ఇంచుమించు నీతో అన్న మాటలే. ఆయనతో అనకండేం అని నా దగ్గరా మాట తీసుకుంది. ఇప్పుడు తనే నీకు చెప్పేసింది కాబట్టి నా మాట తీరిపోయింది.

మిగతాది కూడా రాస్తాను. అది నీకు తెలీదు. వారం చూసి రామ్మూర్తిగారు తనని పిలిచేరు. "అమ్మా, ఇకనుంచి ఇస్సాకుకే నిలబడు. నీ మొహంలో బెదురు లేదు, చూడ్డానికి బాగుంది. బంగారరాజుని గుర్రాల వేపు పంపుతాను" అన్నారు. తను "వద్దండి" అంది. "ఎందుకొద్దు?" "వద్దండి."

నాకు ఒళ్ళు మండింది. నీళ్ళ డ్రమ్ము దగ్గర పట్టుకుని అడిగేను. "ఏం చెల్లెమ్మా, నా కత్తి హాయంటావు, నేను వద్దంటావు, ఇదేం లెక్క?" తను బిందె నింపుకుంటూ ఏమందో తెలుసా? "మీకు నా ఆయ్‌తో పనిలేదన్నయ్యా. నేనన్నా అనకపోయినా మీ కత్తి వచ్చేస్తాది. ఆయన చెయ్యి అలా కాదు. నేను అంటే గానీ కదల్దు. నేను లేకపోతే ఆ చెయ్యి పైనే ఉండిపోద్ది." బిందె నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది.

భయం ఉంది. ఆయ్ కూడా ఉంది. రెండూ తనవే. ఒకటి పట్టుకుని ఇంకోటి అబద్ధమనకు.

నువ్వు నువ్వుగా ఉండాలో, నేనై ఉండాలో నన్నడిగేవు. నాకేం తెలుసు? నా పేరు వాడుకున్నందుకు నాకేం అభ్యంతరం లేదు, చెవిటివాడి పేరు, ఎవరు పిలిచినా పలకదు. ఆటలో ప్రతి కత్తికీ తననే అడిగేవాడివి. ఇదీ తననే అడుగు.

ఇస్సాకు


అంతర్వేది,
కార్తీకం, బుధవారం.

బావా,

మీ చెల్లి పోయిన సంగతి ప్రసాదు ఫోను చేసి మీ అమ్మాయికి చెప్పేడు. నీకు జ్వరమని, మంచం మీద ఉన్నావని అంది. రాలేదని బాధపడకు. అస్థికలు గోదారి సముద్రంలో కలిసేచోట, అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర కలిపేం. అక్కడ మాత్రం నువ్వుంటే బాగుండుననిపించింది.

నువ్వు రాసినట్టే తననే అడిగేను. కత్తులయ్యాక, "చెల్లెమ్మా, రేపు కూడా నన్నే వెయ్యమంటావా, ఆయన్ని రమ్మననా?" అన్నాను.

నవ్వింది. "మీ కత్తి కింద నిద్దరొచ్చేస్తందన్నయ్యా. ఆయన్నే రమ్మనండి. జ్వరం తగ్గిందా?"

తుని కేంపులో ఉంది తను. "తగ్గిందమ్మా. వస్తాడు" అన్నాను.

మర్నాడు గడ్డం గీయించుకున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. అప్పటికి తనకి నిలబడే ఓపిక లేదు, తులసి ఓ పక్క పట్టుకుంది. ఏరియేటర్లు వేసేరు. "దుర్గా" అన్నాను. "ఆయ్" అంది. చెయ్యి విసిరి, నాలిక మడిచి గిర్ర్‌ర్ మన్నాను, చిన్నపిల్లలు బస్సు తోలినట్టు. తులసి మొహం పక్కకి తిప్పుకుని నవ్వాపుకుంది. ప్రసాదు కొట్టేడు.

తన మొహం మారిపోయింది బావా. రెప్పలు బిగిసిపోయేయి. మెడ నరం లేచింది. నేను ఇన్నేళ్ళూ చూడనిది ఇదన్నమాట. తరవాతి దానికి చెయ్యెత్తేను గానీ విసరలేకపోయేను. మానేద్దామనుకున్నాను.

తను కళ్ళు తెరవకుండానే, "ఏవండీ, ఆయ్ అన్నాను కదా" అంది. విసుక్కుంది.

మిగిలినవన్నీ వేసేను. ప్రతిదానికీ వణికింది. ప్రతిదానికీ ఆయ్ అంది.

అయ్యాక కళ్ళు తెరిచి చూసింది. "మీరా" అంది. దగ్గరికి రమ్మని, నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "చల్లబడింది" అంది.

మళ్ళీ మంచం దిగలేదు. ఇంకో మాట కూడా అనలేదు. రెండు వారాల కిందట సోమవారం పొద్దున్న తులసి కాఫీ పట్టుకెళ్ళేసరికి అయిపోయింది.

నీకే రాస్తున్నాను, ఇంకెవరికీ చెప్పలేదు. ఏరియేటర్లు మానడానికి లేదు, రొయ్య చచ్చిపోతుంది. ఆ మోత రాగానే నేను తలుపు ఎదర నిలబడుతున్నాను. గీత చెరిగిపోయింది, అయినా కాళ్ళు అక్కడికే పోతున్నాయి. దుర్గా అంటాను. చెయ్యి లేస్తుంది. లేచింది దిగదు. బిందె దగ్గర తను నీతో అన్నట్టే. నొప్పి పుట్టినా దిగదు. తులసి వచ్చి, "చాలు మావయ్యగారూ" అని పట్టుకుని దించుతోంది. చిన్నపిల్ల చేత అలా దింపించుకోవడం సిగ్గుగా ఉంది.

బంగారరాజు


రామచంద్రపురం,
నవంబరు 28.

బంగారయ్యా,

నాకు జ్వరం తగ్గింది. శుక్రవారం వస్తున్నాను. కోటిపల్లి రేవు దాటి, అమలాపురంలో బస్సు మారతాను. ఈ ఒంట్లో ప్రయాణమేమిటని మా అమ్మాయి కేకలేస్తోంది. నాకు వినపడటం లేదు.

ముందు అన్నాచెల్లెళ్ళ గట్టుకి తీసుకెళ్ళు. తరవాత ఇంటికి పోదాం.

సాయంత్రం ఏరియేటర్లు నాకు వినపడవు. నువ్వు పిలిచినా వినపడదు. నేనే తలుపుకి ఆనుకుని నిలబడతాను. నీ చెయ్యి లేవగానే చూసి ఆయ్ అంటాను. ఆయ్ అన్నాక దించెయ్యాలి. నా గొంతు తన గొంతులా ఉండదు, సర్దుకో. తులసిని వంటింట్లోంచి రావద్దని చెప్పు.

తిప్పే వెయ్యి. నీ తిప్పుడంటే నాకూ భయమే. కళ్ళు మాత్రం మూసుకోను. మూసుకుంటే నీ చెయ్యి కనపడదు.

ఇస్సాకు